వేళ్ల సందు

పుల్లలచెరువు దాటాక, అడవి అంచున మా గూడెం. నాయన కొట్టుకొచ్చిన తేనెను అమ్మ పిండి, వడకట్టి, కింది ఊళ్లో అమ్మేది. వెంట నేను. ఎప్పుడూ కొనే రైతు ఇల్లు ఒకటుండేది. ఆ ఇంటామె తేనెలో వేలు ముంచి నాకి, "బాగుందే" అనేది. మా అమ్మ చేతులతో పిండిన తేనె అది. దానికి లేని అంటు మా నోటికి మాత్రం ఎట్లా వచ్చిందో! దాహమంటే మమ్మల్ని మెట్టు కింద కూర్చోబెట్టి, చెంబు పైకెత్తి దోసిట్లో పోసేది. గడప లోపల గూట్లో స్టీలు గ్లాసులు కనిపిస్తూనే ఉండేవి.

నా చేతులు చిన్నవి. నీళ్లు సగం కారిపోయి, మోచేతుల మీదుగా గౌను తడిపేవి. "వేళ్లు సందు లేకుండ పట్టుకో అమ్మీ" అనేది అమ్మ. ఒకరోజు మొండికేశాను.

"నాకు గ్లాసులో కావాల!"

ఆ ఇంటామె పకపకా నవ్వింది. "ఏందే, నీ కూతురికి గ్లాసు కావాలంట!"

అమ్మ నవ్వలేదు. నా రెక్క పట్టుకుని దారి పట్టింది. దాహంతోనే గూడెం చేరాను.

హాస్టల్లో చదివేటప్పుడు నేను మొట్టమొదట రాసింది ఆ దాహం గురించే. ఇప్పుడు అందరూ నన్ను అడవి గురించి రాయమంటారు. నెమళ్లూ వెన్నెలా కావాలి వాళ్లకు. నా మొహం! కలం పట్టుకుంటే నాకు మోచేయి తడుస్తుంది. పుస్తకాలు వచ్చాయి, పేరొచ్చింది, ఆ కోపం మాత్రం పోలేదు. అది పోతే ఏం రాస్తానో నాకు తెలియదు.

పోయినేడు ఆ ఊరి బడిలో నాకు శాలువా కప్పారు. అమ్మను కూడా తీసుకుపోయాను. సభ అయ్యాక ఆ ఇంటామె, ఇప్పుడు ముసలామె, తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికి రామ్మా. ఇద్దరూ రాండి."

నన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టి, స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. ఇన్నేళ్లుగా నాకు కావలసిన గ్లాసు. గటగటా తాగేశాను. గెలిచాననే అనుకున్నాను.

రెండో గ్లాసు పట్టుకుని ఆమె అమ్మ కోసం చూసింది. అమ్మ లోపలికి రానేలేదు. మెట్టు కింద గొంతుక్కూర్చుని, దోసిలి పట్టి ఉంది.

"అమ్మా, లెయ్. గ్లాసు తీసుకో" అన్నాను.

"ఇట్ల తాగితేనే నాకు దప్పి తీరుతాది. నువ్వు తాగినావు గదా, చాల్లే" అని, ఆ ఇంటామె వైపు తిరిగి, "పొయ్యమ్మా" అంది.

ఆమె నా వైపొకసారి చూసి, చెయ్యి పైకెత్తి పోసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ వేళ్ల మధ్య సందు లేదు. ఒక్క చుక్క కింద పడలేదు.