ముడి వేసిన తాడు

మా పక్కింటి పెదనాన్న పోయారని పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. అమలాపురంలో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

రాజోలు దిగువన, సముద్రం ఒడ్డున మా ఊరు. నా చిన్నప్పుడు ఒక తుఫాను రోజు మా నాన్నా, పెదనాన్న సొంత తమ్ముడూ కలిసి చేపల వేటకెళ్ళిన నావ, ఒడ్డుకు కనిపించే దూరంలోనే బోల్తా పడింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇసుకలో నిలబడిపోయింది. ఎవరూ వెళ్ళొద్దన్నారు పెద్దలు.

"సూత్తా కూకుంటే ఒడ్డుకొచ్చేత్తారేంటి ఆళ్ళు?" అంటూ పెదనాన్న ఒక్కరే చిన్న నావ తోశారు.

దగ్గరికి పోతే కెరటం రెండు నావల్నీ కలిపి కొడుతుంది. అందుకని గాలికి ఎగువన లంగరు వేసి, కొబ్బరి తాడు కొసకి నాలుగు వలవని కొబ్బరికాయలు కట్టి నీళ్ళలో వదిలారు. కాయలు తేలుతూ వాళ్ళ దగ్గరికి చేరాయి. ముందు నాన్న తాడు పట్టుకుని వచ్చేశాడు. తర్వాత తమ్ముడు సగం దూరం వచ్చాడు. చలికి కొయ్యబారిన చేతులు తాడు మీద జారిపోయాయి. మళ్ళీ కనిపించలేదు.

ఆ తాడుకు ముళ్ళు లేవు. అది తన తప్పేనని పెదనాన్న నమ్మారు. ఎవరెంత చెప్పినా వినలేదు.

అప్పట్నుంచి కంటబడ్డ ప్రతి తాడుకీ మూరకో ముడి వేసేవారు. బట్టలారేసే తాడుకీ, మా దూడ పలుపుకీ, ఆఖరికి మా నూతి చేంతాడుకి కూడా.

"చేంతాడుకి ముళ్ళేంటి బావగారూ? గిలకలో ఇరుక్కుంటందండీ!" అని అమ్మ గొణిగేది.

"ఆయ్, ఇరుక్కోనీ అమ్మా. సెయ్యి ఎక్కడో చోట ఆగాలి కదా" అనేవారు.

నాన్న విసుక్కుంటూ ముళ్ళు విప్పేవాడు. మర్నాటికి అవి మళ్ళీ ఉండేవి. ఈ తగువు చూసి నేను నవ్వేదాన్ని. నాన్న ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడడన్న సంగతి మాత్రం చాలా ఏళ్ళకి గమనించాను. బతికి వచ్చినందుకు సిగ్గుపడే మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను.

పెదనాన్న దహనం అయ్యాక స్నానానికి నాన్న మా నూతి దగ్గరికి వచ్చాడు. చేద సగం పైకొచ్చి, ముడి గిలకలో పడి ఆగిపోయింది. అమ్మ విడిపించబోయింది.

"ఉండనీ" అన్నాడు నాన్న. చేతి కింద ఉన్న ముడిని రెండు చేతులా బిగించి పట్టుకుని, అలాగే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.