వెచ్చటి మూల

మా పిన్ని పిరికిది కాదు. పామును చీపురుతో బయటికి తోసి, మళ్లీ అదే చీపురుతో ఇల్లు ఊడ్చుకునే మనిషి. అలాంటిది చివరి పదిహేనేళ్లూ భయంతోనే బతికింది. పోయిన నెల తను పోయింది. బాబాయి ఆ భయం మాటెత్తడు. ఇక చెప్పాల్సింది నేనే.

బాబాయిది పాత బ్యాటరీల పని. వాటిని పగలగొట్టి, లోపలి సీసం పలకల్ని వెనక వసారాలో కుంపటి మీద కరిగించి, కడ్డీలు పోసి అమ్మేవాడు. చలికాలం ఆ ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. అందుకే పిల్లి అక్కడే పిల్లలు పెట్టింది. పిన్ని కూతురు బుల్లి అప్పుడు పసిబిడ్డ; అందుకే దాని ఉయ్యాల కూడా అక్కడే కట్టింది.

"నీ కూతురికీ పిల్లికీ ఒకటే గది ఇచ్చావే," అని నవ్వేవాడు బాబాయి.

"ఇద్దరూ అద్దె ఇవ్వరు మరి, ఇంకేం గది ఇవ్వను," అనేది పిన్ని.

పిల్లికూనలు మూడూ ముద్దుగా ఆడుకుంటూ పెరిగాయి. బాగా ఎదిగాకే మొదలైంది. ఒకటి వీధికుక్కకు ఎదురెళ్లింది, చుట్టాన్ని పలకరించబోయినట్టు. కుక్క నోట కరుచుకునేదాకా వెనక్కి తగ్గలేదు. ఇంకొకటి లారీ వస్తుంటే రోడ్డు మధ్యలో కాలు నాక్కుంటూ కూర్చుంది. మూడోది పిల్లలు పెట్టి, అవి ఎవరివో అన్నట్టు వదిలేసి వెళ్లిపోయింది.

పిన్ని దాన్ని వెతికి పట్టుకుని, సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన ఇంటి సంగతులన్నీ అడిగాడు.

"సీసం అయ్యుండొచ్చమ్మా. పసితనంలో మెదడుకు ఎక్కితే అప్పుడేమీ కనపడకపోవచ్చు. పెద్దయ్యాక బయటపడుతుంది. భయపడాల్సిన చోట భయం ఉండదు."

పిన్ని సంచి వైపు చూడలేదు. "ఉయ్యాల అక్కడే కదరా," అంది నాతో, మెల్లగా.

కుంపటి ఆ సాయంత్రమే ఆరిపోయింది. బాబాయి సైకిల్ షాపులో పనికి కుదిరాడు. ఆసుపత్రిలో బుల్లి రక్తం పరీక్ష చేసి, సీసం ఎక్కువుందన్నారు. కొన్నాళ్లకు తగ్గిందన్నారు.

"ఉన్నన్నాళ్లూ లోపల ఏం చేసిపోయిందో?" అని అడిగింది పిన్ని.

"అది రక్తం చెప్పదమ్మా," అన్నారు అక్కడ.

ఇక చూస్తూ ఉండటమే పిన్ని పని అయింది. బుల్లి గోడెక్కితే ఆవిడ కింద చేతులు చాచి నిలబడేది. పక్కింటి పిల్లలూ ఎక్కారు కదా అంటే, "వాళ్లు కిందికి చూసుకుని ఎక్కారు. ఇది చూసుకోలేదు," అనేది. బుల్లి అందరు పిల్లల్లాగే ఉందని మేమంతా అన్నాం. కూనలు కూడా అలాగే ఉండేవని పిన్ని అనలేదు. అనకుండా మా మొహాల్లోకి చూసేది.

నిన్న బుల్లితో కలిసి బజారుకు వెళ్లాను. ఏదో చెబుతూ రోడ్డు మీదికి అడుగేసింది. లారీ వస్తోంది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను.

"ఏంటన్నయ్యా, అచ్చం అమ్మలా చేస్తున్నావు. చూశాలే," అని నవ్వింది.

చూసే ఉంటుంది. లారీ దాటిపోయాక కూడా చెయ్యి వదల్లేకపోయాను. దాని చెయ్యి వణకడం లేదు. నాదే వణుకుతోంది.