బెలూనుకు హారతి

రేపల్లెలో రేడియోలు బాగుచేసే వీరరాఘవయ్యకు నిప్పంటే చచ్చేంత భయం. ఎవరింటికి వెళ్లినా ముందు పొయ్యి ఎటుందో చూసుకుని, దానికి దూరంగా కూర్చుంటాడు. మనుషులు చంద్రుడి మీద దిగి వచ్చిన ఆ రోజుల్లో, ఎప్పటికైనా ఓ బుల్లి ఉపగ్రహం చేయాలని అతనూ ఇద్దరు మిత్రులూ పట్టుబట్టారు. ముందుగా అరచేతంత రేడియోను హైడ్రోజన్ బెలూనుకు కట్టి వదలాలి. దాని కూత బాపట్లలో ఉన్న రెండో మిత్రుడి రేడియోలో వినబడాలి. గ్యాసు పని పాపం ఇతనికే పడింది.

ఆ ఉదయం పొలంలో, నిండిన బెలూను మెడను రెండు చేతులా బిగించి నిలబడ్డాడు. మిత్రుడు ప్రకాశరావు రేడియో కడుతున్నాడు. ఇంతలో పొలం గలావిడ దుర్గాంబ, వెలుగుతున్న కర్పూరం పళ్లెంతో గట్టు మీదుగా వస్తూ కనబడింది. కొత్త మోటారుకైనా హారతి ఇవ్వనిదే స్విచ్చి వేయనివ్వదావిడ. వీరరాఘవయ్య బెలూను మెడ వదలకుండానే కేకేశాడు.

"పిన్నిగారూ, అక్కడే ఆగండి. ఇది భగ్గున మండే గ్యాసండి."

"దేవుడి దీపానికి కూడా భయమేంటయ్యా?"

"భయమేనండి," అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

ఆవిడ అతని ముఖంకేసి చూసింది. వెనక్కి నడిచి, ఏనాడూ చేత్తో ఆర్పని హారతిని కాలవ నీళ్లలో ముంచింది. ఖాళీ చేతులతో వచ్చి, అతని చేతుల పక్కన తన చేతులూ వేసి బెలూను మెడ పట్టుకుంది.

"అంత ప్రమాదమైతే ఒక్కడివే పట్టుకున్నావేంటి నాయనా?"