2.10 అంటే ఎంత

మా ముత్తాత ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లకు పెత్తందారు. ఆయన తీర్పు చెప్పాక కోర్టు కచేరీకి పోయినవాళ్లు లేరు. మా తాత గుర్రమెక్కకుండా పొలం చూడ్డానికి పోలేదు. నాయన కాలానికి గుర్రమూ పోయింది, పొలమూ పోయింది. నేను నంద్యాలలో గది అద్దెకు తీసుకుని ప్రోగ్రాములు రాస్తాను. ఎవరి ముందూ చేయి చాచలేదు.

ఈమధ్య ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కించే ఒకాయన నాకు పని ఇచ్చాడు. నంద్యాలలోని ఆయన అంగట్లో విగ్రహం ఎత్తు అడుగుల్లో టైపు చేస్తే, ఆళ్లగడ్డలో ఆయన ఫోనుకు అంగుళాల లెక్క పోవాలి. దాన్ని చూసే రాయి కోస్తారు. లెక్క తప్పితే రాయి పాడైనట్టే.

జనం ఏం టైపు చేస్తారో చూడాలని అంగట్లోనే కూర్చున్నాను. ఒకరు గడి ఖాళీగా వదిలేశారు. ఇంకొకరు "మూడడుగులు" అని అక్షరాల్లో కొట్టారు. అంకె కానిదాన్నల్లా తిప్పి పంపేలా రాసుకుంటూ పోయాను. ఒక పూజారి తెలుగు అంకె ౩ కొట్టాడు. అదీ తిరిగి వస్తుందనుకున్నాను. కంప్యూటరు దాన్ని మూడుగానే చదివింది! మా తాత చేతిరాతలో తప్ప నేనెక్కడా చూడని అంకెలు దానికి వచ్చు. ఇక ఆగలేకపోయాను. గదికి వచ్చి కూడా తెలుగు అంకెలే కొట్టి చూస్తూ ఉన్నాను.

అలా ౨.౯ (2.9) కొట్టి, తర్వాత ౨.౧౦ (2.10) కొట్టాను. రెండోదానికే తక్కువ అంగుళాలు చూపించింది.

మా వైపు రెండడుగుల పది అంగుళాలను 2.10 అనే రాస్తారు. కంప్యూటరుకు అది రెండడుగులూ, అడుగులో పదోవంతూ. అంకె అవునా కాదా అని చూశానే గానీ, ఎవరు ఏ కొలతను ఎలా రాస్తారో చూడలేదు. ముందురోజే 2.10 అని ఒక ఆంజనేయుడి ఆర్డరు పోయింది.

ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. రాయి కోసే మిషను మోతలో వినపడి ఉండదు. ఆళ్లగడ్డ బస్సెక్కాను. రాళ్ల దగ్గర ఆయనే ఎదురొచ్చాడు.

"ఏందప్పా, చెప్పకుండా వచ్చినావ్? గుర్రం యాడ కట్టేసినావ్?"

"ఆంజనేయుడి రాయి కోసినారా?"

"పొద్దున్నే కోసినాం. ఏం, సామి కల్లోకొచ్చినాడా?"

టేపు పట్టాను. ఇరవై ఐదు అంగుళాలు. కావలసింది ముప్పై నాలుగు.

సంగతి చెబితే ఆయన తల గోక్కున్నాడు. "నేను కూడా అట్టనే రాస్తా గదప్పా! దాన్ని మిషను ఇట్టా చదువుతాదా? పోనీలే, దీంట్లో వినాయకుణ్ని కూర్చోబెడతా. మీ తాత చేయించిన విగ్రహాలతోనే మా నాయన నిలబడినాడు. ఈ రాయి లెక్క వదిలేయ్."

"వద్దన్నా. కొత్త రాయి నేను తెప్పిస్తా."

"దుడ్లు యాడివి? బిగువుకు మాత్రం తక్కువ లేదు!"

ఆ సాయంత్రమే అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి విడిగా పెట్టాను. ఇప్పుడు అంగుళాల్లో పదకొండు దాటితే తీసుకోదు. చుక్క ఎక్కడ కొట్టినా తీసుకోదు. తెలుగు అంకెలు మాత్రం తీసుకుంటుంది.

కొత్త రాయి కోసం మా అవ్వ ఇత్తడి గంగాళాలు రెండూ నంద్యాలలో అమ్మాను.