పొద్దుగూకని ఊళ్ళు

నలభై ఎనిమిది ఎండాకాలంలో నేను నార్వేలో ఉన్నాను. ఈ మాట అంటే వరంగల్‌లో ఇప్పటికీ సగంమంది నమ్మరు. మిషన్ దవాఖానలో నర్సుగా చేస్తున్న నన్ను, మా డాక్టరమ్మ సెలవు మీద తన దేశం పోతూ వెంట తీసుకుపోయింది. ఆమె పుట్టిన ఊరు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ ఒడ్డున ఉంది. దాన్ని వాళ్ళు ఫియోర్డ్ అంటారు. ఆ ఒడ్డు వెంట ఊరూరూ తిరిగి, చర్చి చర్చిలో మా దవాఖాన గురించి చెప్పి రావాలని ఆమె ఆలోచన.

మా అమ్మ పాలకుర్తి దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. కూలికి పోయి నన్ను చదివించిన మనిషి. నేను బయల్దేరిన నాడు ఏడవలేదు.

"పొద్దుగూకి దీపం ముట్టిచ్చినంక నీకోసం ప్రార్థన చేస్త. నువ్వు గూడ దీపం ముట్టిచ్చే చెయ్యి బిడ్డా. అప్పటిదాంక రాత్రి ముద్ద ముట్టకు. ఇద్దరం ఒక్కపారే దేవుని ముందల ఉన్నట్టుంటది," అంది.

దేశదేశానికీ గడియారాలు వేరని నాకు తెలుసు. అయినా సందె ఎక్కడైనా సందే కదా అని ఒప్పుకున్నాను.

మేము అక్కడికి చేరేసరికి మా వైపు కల్లోలం ముదిరింది. ఆయుధాలు పట్టిన గుంపులు పల్లెల మీద పడి ఇళ్ళు తగలబెడుతున్నాయని డాక్టరమ్మ పేపరు చదివి చెప్పింది. ఏ పల్లెలో ఆ పేపర్లో ఉండదు. ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ ఉందో లేదో తెలుసుకునే దారి లేదు. నాకు మిగిలింది ఆ దీపం వేళ ఒక్కటే. తీరా చూస్తే ఆ దేశంలో ఎండాకాలం దీపం వేళే రాదు.

ఊళ్ళు అందమైనవే. కాదంటే కళ్ళు పోతాయి. దూరపు కొండలు నునుపంటారు గానీ, ఆ కొండలు దగ్గరికి పోయినా నునుపే. వాటి మీంచి జలపాతాలు తెల్లగా దూకుతుంటాయి. మన దగ్గర ఇంటికో బండి ఉన్నట్టు అక్కడ ఇంటికో పడవ. కోసిన గడ్డిని తీగల మీద, మనం చీరలు ఆరేసినట్టు ఆరేస్తారు. కొన్ని కొట్టాల కప్పు మీద పచ్చిక మొలిచి ఉంటుంది. మా ఊళ్ళో కప్పు మీద గడ్డి మొలిస్తే అది పాడుబడ్డ ఇల్లు. వీళ్ళు కావాలనే పెంచుతారట.

మొదటిరోజు ఆ నీళ్ళను చూసి కట్ట ఎక్కడుందని వెతికాను. ఇంత చెరువుకు ఎంత కట్ట ఉండాలి! కట్టా లేదు, తూమూ లేదు, నోట్లో పోసుకుంటే ఉప్పు. ఇన్ని నీళ్ళుండి ఒక్క మడి పారదా అని నాకు కోపం వచ్చింది. ఒక ఇంట్లో పళ్ళెంలో బెల్లపు ముద్ద కనిపించింది. ప్రాణం లేచొచ్చి ఇంత పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాను. మేకపాలు ఇగరకాచి చేసిన జున్నట అది. మింగలేక, ఉమ్మలేక చర్చి పెద్దల ముందు నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు వద్దు. ఆడవాళ్ళు నా చీర కొంగు పట్టి చూసేవాళ్ళు. అంగడిలో ఎద్దును చూసినట్టు చూస్తున్నారని నేను మూతి ముడుచుకునేదాన్ని. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. నా మనసు మనసులో లేదు.

సాయంత్రమైతే మరీ అన్యాయం. పొద్దు కొండ వెనక్కి తొందరగానే పోతుంది, వెలుతురు మాత్రం పోదు. అందరూ తిని పడుకునే వేళకు కూడా బయట పగలే. నేను పస్తుతో పడవల రేవు మీద కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

"జర తిను బిడ్డా, ఫికర్ చెయ్యకు," అనేది డాక్టరమ్మ. తెలుగు ఆమె మా పల్లెల్లోనే నేర్చుకుంది. "ఇక్కడ దీపాలు ఎండాకాలం పోయినంకనే."

"అందాంక మా అమ్మ ఒక్కతే చెయ్యాల్నా అమ్మా?" అన్నాను.

డాక్టరమ్మ అక్క ఇంట్లో ఉన్నప్పుడు ఇక ఆగలేకపోయాను. పడవలు పెట్టే కొట్టంలోకి పోయి తలుపేసి, చీకటి చేసుకుని కొవ్వొత్తి వెలిగించాను. చుట్టూ తారు పూసిన చెక్క, ఎండిన వలలు. అదేమీ నా బుర్రకు తట్టలేదు. "పరలోకమందున్న" అన్నానో లేదో, తలుపు సందులో వెలుగు చూసిన ఆ అక్క బకెట్టుతో వచ్చి నీళ్ళు గుమ్మరించింది. నేనూ, కొవ్వొత్తీ తడిసి ముద్దయ్యాం.

డాక్టరమ్మ ఉరికొచ్చింది. "మతి పోయిందా నీకు? కొట్టమంత అంటుకుంటుండె!"

"మీ దేశంల పొద్దే గూకదాయె! నేనేం జెయ్యాలె? మా అమ్మ ఉన్నదో పోయిందో ఎవలు జెప్తరు నాకు?" అని అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాను.

డాక్టరమ్మ ఆ మాటలన్నీ అక్కకు తమ భాషలో చెప్పింది. అక్క అటక ఎక్కి రెండు నల్లటి మందపు గుడ్డలు తెచ్చి వంటింటి కిటికీలకు కట్టింది. యుద్ధంలో పరాయి సైన్యం ఆ దేశాన్ని పట్టుకున్నప్పుడు, ఇంట్లో వెలుగు బయటికి కనబడకూడదని హుకుం ఉండేదట. అప్పటి గుడ్డలు. వంటిల్లు చీకటైంది. అక్క దీపం వెలిగించి నా పక్కన తల వంచుకుని కూర్చుంది. చేపల కూర చల్లారిపోయింది.

నా గుబులు తీరిందని చెప్పను. కానీ ఆ పూట అమ్మ ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. బయల్దేరేటప్పుడు అక్క ఆ గుడ్డలు మడిచి నా సంచిలో పెట్టింది. తర్వాత ఏ ఊళ్ళో దిగినా సాయంత్రం వాటిని బయటికి తీసేదాన్ని. అవేమిటో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ఇంటివాళ్ళే లేచి కిటికీకి కట్టి పెట్టేవాళ్ళు.

కల్లోలం సద్దుమణిగాక, చలికాలంలో వరంగల్ చేరాను. స్టేషన్ నుంచి తిన్నగా ఊరికే పోయాను. అమ్మ ఉంది. చిక్కి సగమైంది, అయినా ఉంది. లోపల పట్టపగలే చీకటి. చూస్తే కిటికీకి గొంగడి బిగించి ఉంది.

"ఇదేందమ్మా?"

"ఎలుగు కనవడితే ఇంట్లకొస్తరని ఊరంత దీపాలు బందు పెట్టిరి. నీకు మాటిస్తి గదా. గొంగడి కట్టుకోని ముట్టిచ్చిన. ఒక్కనాడు గూడ ఇడువలే. నువ్వొచ్చెదాంక ఇప్పొద్దనుకున్న."

నేను పోయి ఆ గొంగడిని చేత్తో తడిమాను. "నేను గూడ కిటికీకి గుడ్డ కట్టే చేసినమ్మా," అన్నాను.

అమ్మ అదిరిపడింది. "అయ్యో! అక్కడ గూడ మీద వడ్డరా బిడ్డా?"

"లేదమ్మా. అక్కడ పొద్దు గూకది. ఎలుగెక్కువ, అంతే."

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఎలుగెక్కువైతే ఎవలన్న గుడ్డ కడ్తరా? నువ్వు గూడ బుగులువడ్డవ్. నాకు చెప్తలేవ్," అని లేచి, గొంగడి విప్పడం మొదలుపెట్టింది.

నేను రెండోవైపు ముడి విప్పాను.