గొంతు దిగని పాలు

మా పాప పుట్టిన ఏడు నేను అరబ్బు దేశంలో, మంగఫ్‌లో ఒక కంపెనీ బస్సు నడిపేవాణ్ణి. నా భార్య ఫహాహీల్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులో పనిచేసేది. ఎవరి ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, వాళ్ళకు ఉండబట్టి ఇద్దరం ఒకచోట బతకగలిగాం. మహబూలాలో ఒక ఫ్లాటులో ఒక గది మాది. రెండో గదిలో రాయచోటి నుంచి వచ్చిన ముస్లిం దంపతులు ఉండేవాళ్ళు. ఆయన బేకరీ వ్యాను నడిపేవాడు. ఆమె చిన్నపిల్లల నర్సరీలో ఆయా. మా ఇద్దరికంటే పదిహేనేళ్ళు పెద్దది, ఆపా అని పిలిచేవాళ్ళం. వంటగది, స్నానాలగది, ఫ్రిజ్జు రెండు కుటుంబాలకూ ఉమ్మడి.

పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. నెలలు నిండి, సెప్టెంబరులో ఒక శుక్రవారం పొద్దున ప్రభుత్వాసుపత్రిలో పాప పుట్టింది. సెలవురోజు కాబట్టి నేను అక్కడే ఉన్నాను. తెల్లగుడ్డలో చుట్టి చూపించినప్పుడు వేళ్ళు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. జుట్టు ఒత్తుగా ఉంది. రాజంపేటకు ఫోన్ చేసి మా అమ్మతో "అచ్చం నీ పోలికేమా" అని చెప్పాను కూడా. పాప పెదాల చివర సబ్బు నురగలాగా బుడగలు వస్తున్నాయి. అదేమిటో మాకు తెలియదు. ముద్దుగానే అనిపించింది.

మొదటిసారి పాలు పట్టినప్పుడు రెండు గుక్కలు తాగి, దగ్గి, నీలం తిరిగింది. నర్సు మా చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుని పరుగెత్తింది.

మధ్యాహ్నం ఈజిప్టు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పక్కన నిలబడ్డ మలయాళీ నర్సు ఆయన మాటల్ని హిందీలో చెప్పింది. నోటి నుంచి కడుపులోకి పోవలసిన అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి సంచిలా ఆగిపోయిందట. కింది ముక్క వెళ్ళి ఊపిరిగొట్టానికి అతుక్కుందట. తాగినవి దిగడానికి దారి లేదు. రేపే ఆపరేషన్.

నేను బండ్లతో బతికినవాణ్ణి. తెగిన డీజిలు పైపుకు క్లిప్పు వేసినట్టు అతికించొచ్చులే అనుకున్నాను. "ఎంత లావుంటుంది?" అని అడిగాను. డాక్టరు జేబులోంచి పెన్ను తీసి, మర విప్పి, లోపలి రీఫిల్ చూపించాడు. నేను ఆ రీఫిల్ తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూశాను.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. అతికించాం అన్నారు. అతుకు మానేదాకా పాప ఏమీ మింగకూడదు. నోట్లో ఊరే ఉమ్మిని కూడా సన్నటి గొట్టంతో లాగేస్తుంటారు. ఆహారమంతా నరంలోకే. వారం తర్వాత రంగుమందు పోసి ఎక్స్‌రే తీస్తారు, అతుకు కారకపోతే అప్పుడు పాలు. ఈలోపు తల్లికి పాలు ఎండిపోకూడదు కాబట్టి మూడు గంటలకోసారి పిండి, చిన్న సీసాల్లో గడ్డకట్టించి దాచమన్నారు. ఆసుపత్రి ఫ్రిజ్జులో కొన్నింటికే చోటు. మిగతావి ఇంట్లో పెట్టుకోవాలి.

ఇంట్లో ఫ్రీజరు తలుపు తీస్తే అడుగు నుంచి పైదాకా మాంసమే. బక్రీదు అయి ఎన్నాళ్ళో కాలేదు. ఆపా వాళ్ళకు వచ్చిన వాటాలన్నీ కవర్లలో కట్టి పెట్టుకున్నారు. రెండు నెలల కూర అది.

"ఒక మూల కొంచెం చోటిస్తే చాలు ఆపా" అన్నాను.

"పసిబిడ్డ తాగేటివి మాంసం పక్కన పెడతావా? బుద్ధుండాదా నీకు?" అంది.

ఆ సాయంత్రమే మాంసమంతా నీళ్ళలో వేసింది. పై అంతస్తు వాళ్ళ దగ్గర రెండు పెద్ద డేక్సాలు అడిగి తెచ్చింది. భార్యాభర్తలిద్దరూ వంటగదిలో నిలబడి ఖుర్మా, దాల్చా, బగారా అన్నం వండారు. మా అంతస్తులో ప్రతి తలుపూ కొట్టి గిన్నె ఇచ్చింది. కింద కాపలా ఉండే ముసలాయనకూ ఇచ్చింది. ఇచ్చినచోటల్లా ఒకటే మాట: "మా బిడ్డ ఆసుపత్రిలో ఉండాది, దువా చెయ్యండి." మా బిడ్డ అనే అంది. మూడు రోజుల తర్వాత నేను కడుపునిండా తిన్నది ఆ రోజే. పాప నోట్లో చుక్క లేకుండా పడి ఉంటే నాకు ఆకలెలా వేసిందని తింటూనే సిగ్గుపడ్డాను. అయినా ఇన్నేళ్ళకూ ఆ బగారా అన్నం వాసన తలుచుకుంటే నోట్లో నీళ్ళూరుతాయి.

ఖాళీ అయిన ఫ్రీజర్ని ఆపా వేడినీళ్ళతో కడిగి, తుడిచి, నా భార్య చేతికి అప్పగించింది. ఒక్కో సీసాకు టేపు అంటించి తేదీ రాసి నా భార్య వరసగా పేర్చుకుంది.

నా భార్య పొద్దున్నే బస్సెక్కి ఆసుపత్రికి పోయి సాయంత్రం దాకా పాప పక్కనే కూర్చునేది. తండ్రుల్ని ఐదు నుంచి ఆరు వరకే రానిచ్చేవాళ్ళు. నాకదే చిక్కు. సైటులో పని నాలుగింటికి అయ్యేది. నలభై మంది కూలీలను ఎక్కించుకుని మంగఫ్ మెయిన్ రోడ్డుకు వచ్చేసరికి నాలుగుమ్ముప్పావు. అక్కణ్ణుంచి గల్లీల్లో తిప్పుతూ ఏ బిల్డింగు వాళ్ళను ఆ బిల్డింగు దగ్గర దించాలి. ఇంకో అరగంట. బస్సు యార్డులో పెట్టి, టాక్సీ పట్టుకుని, ఆసుపత్రి మెట్లెక్కేసరికి పది నిమిషాలు మిగిలేవి.

నా వెనక సీట్లో ఎప్పుడూ ఒక పెద్ద మేస్త్రీ కూర్చునేవాడు. చిట్వేలి వైపు మనిషి. పాప సంగతి ఆయనకొక్కరికే చెప్పాను. ఆపరేషన్ అయిన నాలుగో రోజు మెయిన్ రోడ్డు మీద మొదటి స్టాపులో బస్సు ఆపగానే అందరూ లేచి నిలబడ్డారు.

"కూచోండప్పా, మీ బిల్డింగులు ఇంకా రాలేదు గదా" అన్నాను.

"తలుపు తియ్ అబ్బోడా" అన్నాడు మేస్త్రీ. "కూచోని కూచోని కాళ్ళు పట్టుకున్యాయి. ఇట్ల నడుచుకుంటా పోతాం."

మర్నాడూ అంతే. పొద్దుననుంచి ఎండలో సిమెంటు మోసిన వాళ్ళకు నడవాలని ఎందుకుంటుంది? మూడోరోజు నేను తలుపు తీయకుండా కూర్చున్నాను. మేస్త్రీ భుజం మీద తట్టి, "యల్లా, పో. టైమైపోతాంది" అన్నాడు. తలుపు తీశాను. అద్దంలో చూస్తే నీలం బట్టల్లో, దుమ్ము కొట్టుకుని, చేతుల్లో టిఫిన్ క్యారియర్లతో బారుగా నడిచిపోతున్నారు. అందులో నేపాలీలు, బంగ్లా వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకెవరు ఏ భాషలో చెప్పారో నాకు తెలియదు. పాపను ఇంటికి తెచ్చేదాకా ఒక్కరోజు కూడా ఎవరూ గల్లీలోకి బస్సు పోనివ్వలేదు. పాప ఎలా ఉందని కూడా అడిగేవాళ్ళు కాదు. పొద్దున ఎక్కేటప్పుడు మేస్త్రీ "పోయొచ్చినావా?" అనేవాడు. "పోయొచ్చినా" అనేవాణ్ణి. అంతే. ఇప్పుడు వాళ్ళలో ఒక్కరూ నా బస్సులో లేరు. కొందరు సౌదీ పోయారు, మేస్త్రీ మోకాళ్ళు అరిగి ఇక్కడి పని ఖలాస్ చేసుకుని ఊరికి పోయాడు. ఇప్పుడు నా రూటు అర్దియా వైపు.

ఆసుపత్రిలో చేతులు కడుక్కుని, వాళ్ళిచ్చిన గౌను వేసుకుని, పాపను ఉంచిన అద్దాల పెట్టెకు రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి. ముక్కులో గొట్టం, పక్కటెముకల దగ్గర గొట్టం, కాలికి తీగ. ఎక్కడ ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. ఆ మలయాళీ నర్సు చూసి చూసి ఒకరోజు, "బాత్ కరో. సున్‌తీ హై" అంది, పాపతో మాట్లాడమని, అది వింటుందని.

"క్యా బోలూ సిస్టర్?"

"కుచ్ భీ."

ఏం చెప్పాలో నిజంగానే తోచలేదు. చివరికి ఆ పొద్దుటి డ్యూటీ చెప్పడం మొదలుపెట్టాను. "ఐదింటికి బయల్దేరినా మా. నాలుగో బ్లాకులో పన్నెండు మంది ఎక్కినారు. ఇద్దరు నిద్ర లేయలా, హారన్ కొట్టినా. రోడ్డు మీదికి ఇసకొచ్చిందిలే, మెల్లగా పోయినా." కథ చెబుతున్నాననుకుని నర్సు "కహానీ హై?" అని అడిగింది. "నై సిస్టర్, రూట్ హై" అన్నాను. ఆమె మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి రోజూ అదే పని. పాప కళ్ళు తెరిచి అద్దంలోంచి నా వైపు చూస్తూ ఉండేది.

వారం తర్వాత తీసిన ఎక్స్‌రేలో అతుకు దగ్గర కారుతోందని తేలింది. ఒక్కోసారి ఇలా అవుతుంది, అదే మూసుకుంటుంది, ఆగాలి అన్నాడు డాక్టరు. మర్నాటికి జ్వరం వచ్చింది. మందులు మార్చారు. ఆ వారంలో ఒక సాయంత్రం నేను వార్డులోకి పోయేసరికి నా భార్య నవ్వుతోంది. పక్క పెట్టెలోని బిడ్డ తల్లి, నల్ల అబాయాలో ఉన్న ఒక బదూ ఆమె, ఎడారి తెగల మనిషి, తనూ చేతులు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. తిరిగి వచ్చేటప్పుడు సిటీ బస్సులో అన్నాను.

"బిడ్డ అట్ల పడుంటే నీకు నవ్వెట్ల వస్తాంది?"

ఆమె నా ముఖం చూడకుండానే చెప్పింది. "పొద్దస్తమానం ఏడ్చుకుంటా కూచుంటే పాలు యాడ్నించి వస్తాయి? నేను నవ్వకుంటే బిడ్డకు బాగైతాదని డాక్టర్ని రాసియ్యమను. ఈ పొద్దే మానేస్తా."

రెండు స్టాపులు పోయాక తనే మెల్లగా ఆ నవ్వు సంగతి చెప్పింది. నాలుగు రోజుల కింద ఆ బదూ ఆమె ఏదో అడిగితే, ఈ పూటకు పాలు పిండడం అయిపోయిందని చెప్పబోయి తనకొచ్చిన అరబ్బీలో "హలీబ్ ఖలాస్" అందట. ఆమె పాలే ఎండిపోయాయనుకుని కంగారుపడి ఇంటికి చెప్పింది. మరుసటి రోజు నుంచి వాళ్ళమ్మ పెద్ద ఫ్లాస్కు నిండా మెంతుల కషాయం కాచి పంపిస్తోంది. ఎందుకిస్తున్నారో తెలియక, వద్దంటే బాగుండదని నా భార్య నాలుగు రోజులుగా ఆ చేదు తాగుతోంది. ఈ రోజు నర్సు మధ్యలో ఉండి విడమరిస్తే ఇద్దరికీ అర్థమైంది. "ఇప్పుడు ఫ్రీజర్లో చోటే ల్యా" అని నా భార్య మళ్ళీ నవ్వింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

ముప్పై మూడో రోజు ఎక్స్‌రే బాగా వచ్చింది. పాలు పొద్దునే పట్టొచ్చు, కానీ నర్సు "ఐదింటిదాకా ఆగుదాం, తండ్రిని రానీ" అందట. నేను పోయేసరికి నా భార్య కుర్చీలో కూర్చుని ఉంది, పాప ఒళ్ళో ఉంది. చిన్న సీసాలో ఐదు ఎమ్మెల్ పాలు. రబ్బరు పీక పెదాలకు తగిలించగానే పాప ముఖం ముడుచుకుంది. తర్వాత చప్పరించింది. గొంతు దగ్గర చర్మం సన్నగా కదిలింది. దగ్గొచ్చింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి మానిటరు వైపు చూశాం. అంకెలు కొంచెం పడి మళ్ళీ పైకొచ్చాయి. పాప ఇంకోసారి చప్పరించింది.

"దిగింది" అంది నా భార్య.

మర్నాడు పొద్దున మేస్త్రీ "పోయొచ్చినావా?" అనగానే "పాలు తాగిందప్పా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "తాగిందంటరా" అన్నాడు. బస్సు చివరి నుంచి ఎవరో "ఎంత?" అని అడిగారు.

"ఐదు ఎమ్మెల్."

"ఐదంటే?"

"ఒక టీస్పూను."

"చాల్లే," అన్నాడు ఆ అడిగినతను, "రేపు ఆరు తాగుతాది."

నలభై రెండో రోజు ఇంటికి పంపారు. ఆ తర్వాత కూడా అతుకు ఇరుకైందని మొదటి ఏడాదిలో రెండుసార్లు వెడల్పు చేయించాం. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. తల్లితో రాజంపేటలో ఉండి మూడో తరగతి చదువుతోంది. ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్ళు తాగుతుంది, అందుకని బళ్ళో చివరగా అన్నం తిని లేచేది అదే. ఆ నలభై రెండు రోజులు మళ్ళీ కావాలని నేను అనుకోను. కానీ ఇక్కడ ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు నా మనసు ఎక్కువసార్లు పోయేది ఆ మహబూలా ఫ్లాటుకే. ముఖ్యంగా పాపను తెచ్చిన మర్నాటికి.

ఆ రోజు స్నానం చేయించాలి. అక్టోబరు చివరైనా డాబా మీద ట్యాంకు ఎండకు కాగి, కొళాయి తిప్పితే పొగలొచ్చే నీళ్ళే. ఆపా ముందు రోజే బకెట్టు పట్టి చల్లారడానికి మా గదిలో ఏసీ కింద పెట్టింది. పొద్దున స్నానాలగదిలో చిన్న పీట వేసుకుని కాళ్ళు చాపి కూర్చుంది. నా భార్య పాపను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీది కుట్ల గీత చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు పొయ్యప్పా నీళ్ళు" అంది ఆపా నాతో.

"గీత మీద పోయొచ్చా ఆపా?"

"డాక్టరు పోయొచ్చన్నాడా లేదా?"

"అన్నాడు."

"అట్లయితే నన్నడుగుతావేంది? పొయ్."

చెంబుతో మెల్లగా పోశాను. పాప ఒళ్ళంతా ముడుచుకుని, మెడ పైకెత్తి ఏడుపు అందుకుంది. ఆసుపత్రిలో గొంతులో గొట్టాలుండి దాని ఏడుపు పిల్లి కూతలా ఉండేది. ఇది అలా లేదు. స్నానాలగది గోడలకు కొట్టి ఫ్లాటంతా మోగింది. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకున్న చప్పుడైంది, తర్వాత ఎదురు తలుపు. ఆపా భర్త వ్యాను తాళాలు చేత్తో పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. నేను చెంబు ఆపి నిలబడితే, ఆపా నురగ పట్టిన చేత్తో పాప తల రుద్దుతూ, "ఏడవనీ, ఏడవనీ, నువ్వు పోస్తా ఉండు" అంది.