ఒకే ఓడలో రెండు గదులు

కరోనా సద్దుమణిగి ప్రయాణికుల ఓడలు మళ్ళీ తిరగడం మొదలైన ఏడాది, పుదుచ్చేరి నెహ్రూ వీధిలో నేను పనిచేసే ట్రావెల్ ఆఫీసులో క్రూజ్ విభాగాన్ని నాకు అప్పగించారు. విభాగం అంటే నేనూ, ఒక కంప్యూటరూ, గోడకు అతికించిన ఓడ పటాలూ. అంతకు ముందంతా విమాన టికెట్ల పని చూశాను. యానాం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడినదాన్ని కాబట్టి, తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరొచ్చినా నా బల్ల దగ్గరికే పంపేవారు.

అలా వచ్చినవారే వి. రంగనాథంగారు, ఆయన భార్య లోకాంబగారు. ఊరి పక్కనే అరియాంకుప్పంలో తరతరాలుగా ఉంటున్న కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, చదువూ రాతా అరవం. ఆయన కుర్చీలో కూర్చుంటూనే, "కప్పలెక్కాలమ్మా మేము, రెండు తూర్లు!" అన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళు ఓడను అరవంలో లాగే కప్పల్ అంటారని నాకు తెలుసు. అయినా యానాం చెవులకు ముందు వినబడేది చెరువులో కప్పలే. నవ్వు ఆపుకోవడానికి పటం తీసి బల్లమీద పరిచాను.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఈ ఊరి రేవులో సరుకు దింపించే ఏజెంటు దగ్గర గుమాస్తా. ఆ రోజుల్లో ఓడలు ఒడ్డుకు రాకుండా దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. బస్తాలు పడవల్లో వచ్చేవి. సముద్రంలోకి కట్టిన రేవు వంతెన మీద నిలబడి వాటిని లెక్కపెట్టుకోవడం ఆయన పని. పొగగొట్టం రంగు చూసి అది ఏ దేశపు ఓడో చెప్పగలరు కానీ, దేనిమీదా ఎప్పుడూ కాలు పెట్టలేదు.

ఆయన అడిగిన ప్రయాణాన్ని మావాళ్ళు బ్యాక్ టు బ్యాక్ అంటారు. ఓడ సింగపూరులో బయలుదేరి మలేసియా, థాయిలాండ్ రేవులు చూసుకుని తిరిగి సింగపూరుకే వస్తుంది. అదే సాయంత్రం కొత్త ప్రయాణికులతో వియత్నాం వైపు వెళ్తుంది. రెండు యాత్రలూ వరసగా చేసేవాళ్ళకు కూడా కంపెనీ లెక్కలో అవి రెండు వేర్వేరు బుకింగులు. అంటే గదిని రెండుసార్లు ఎంచుకోవాలి. రెండింటికీ ఒకే గది దొరికేలా చూడమన్నది మా పనిలో మొదటి పాఠం. లేదంటే మధ్యలో పెట్టెలు సర్దుకుని, పొద్దున్నే ఒక గది ఖాళీ చేసి, రెండోది తయారయ్యేదాకా ఓడలో అటూ ఇటూ తిరుగుతూ గడపాలి.

ఇక రెండో పాఠం ఊపు గురించి. అలలు తగిలినప్పుడు ఓడ కొసలు లేచి పడతాయి, నడుము మాత్రం కాస్త నిలకడగా ఉంటుంది. అందుకని మధ్యభాగంలో, కింది అంతస్తులో ఉన్న గదికి కుదుపు తక్కువ. ఎంత పైకి, ఎంత ముందుకు పోతే అంత ఎక్కువ.

ఆ రోజు రెండు యాత్రలకూ ఒకే నంబరుతో దొరికినవి రెండే గదులు. ఒకటి కింది అంతస్తులో సరిగ్గా మధ్యన, చిన్న గుండ్రటి కిటికీతో ఉంది. రెండోది పైన, ముందు కొసన, బాల్కనీతో ఉంది. రంగనాథంగారి వేలు బాల్కనీ మీదే ఆగిపోయింది. లోకాంబగారు సరేనని తల ఊపారు. రెండు గదులనూ హోల్డులో పెట్టాను, అంటే గడువు దాకా ఇంకెవరికీ పోకుండా ఆపించాను. ఆలోచించుకుని చెప్పమని పంపాను.

ఆ వారంలోనే లోకాంబగారు ఒక్కరే వచ్చారు.

"ఒక సాయం చెయ్యాలమ్మా. ఆ కింద రూము పోయిందని ఆయనకి చెప్పు. పైదే ఇచ్చెయ్యి."

ఎందుకని అడిగాను. అరియాంకుప్పం నుంచి టౌనుకు బస్సులో వచ్చేలోపే తనకు తల తిరుగుతుందని చెప్పారు. "నాకు పడదని గుర్తొస్తే ఆయన పైరూము వొద్దంటాడు. ఇన్నేండ్లూ గట్టుమీద నించే చూసినాడు. ఇప్పుడన్నా బాగా చూడనీ."

చూస్తానని మాత్రం అన్నాను. మర్నాడు రంగనాథంగారు వచ్చారు, ఆయనా ఒక్కరే.

"బాల్కనీ రూము అమ్ముడైపోయిందని దానికి చెప్పమ్మా. కిందదే ఇయ్యి."

"మీకు బాల్కనీయే కావాలన్నారు కదండీ?"

"నాకేంది, డెక్కు మీదికి పోయి నిలబడతా. దానికి బస్సే పడదు. అడిగితే సరేనంటాది. పెండ్లయినప్పట్నించీ అన్నిటికీ సరేననేదే."

ఆయన వెళ్ళాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత చిక్కు అర్థమైంది. ఖాళీ ఉన్న గదిని లేదని చెప్పడం మా వృత్తిలో క్షమించరాని పని. ఒకరు రహస్యంగా చెప్పింది రెండోవారికి చేరవేయడమూ అంతే. పోనీ ఎవరో ఒకరి మాట విని గది ఖాయం చేస్తే, రెండోవారు ప్రయాణమే మానుకుందామనవచ్చు. హోల్డు గడువేమో దగ్గర పడుతోంది.

గడువు తీరే ముందు ఖాళీలు ఇంకోసారి చూడటం నాకు అలవాటు. వేరే ఏజెంట్లు ఆపి ఉంచి వదిలేసిన గదులు తిరిగి అమ్మకానికొస్తాయి. ఈసారి ఓడ నడుము దగ్గరే, నడిమి అంతస్తులో ఒక బాల్కనీ గది కనబడింది, రెండో యాత్రకు మాత్రమే. మొదటి పాఠాన్ని పక్కన పెట్టాను. మొదటి యాత్ర కింది గదిలో చేస్తే ఆమె ఒంటికి సముద్రం అలవాటవుతుంది. ఆ తర్వాత బాల్కనీకి మారవచ్చు.

దంపతులిద్దరినీ ఒకేసారి పిలిపించాను. "కింది గదీ ఉంది, పై గదీ ఉంది. ఏదీ అమ్ముడుపోలేదు," అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరు కూడా వచ్చినారా ఈడికి?" అన్నారు లోకాంబగారు.

"నువ్వెప్పుడొచ్చినావు?" అన్నారాయన.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుకు పక్క బల్లలవాళ్ళు పని ఆపి చూశారు. నవ్వులయ్యాక కొత్త ఏర్పాటు వివరించాను. పడదేమోనన్న భయం పూర్తిగా పోదనీ, మరీ కష్టమైతే రెండో యాత్ర వదులుకుని సింగపూరులోనే దిగిపోవాల్సి వస్తుందనీ దాచకుండా చెప్పాను. రంగనాథంగారు వెనకాడారు. లోకాంబగారే తేల్చేశారు.

"రెండూ వెయ్యమ్మా. పెట్టె సర్దేది నాకేం కొత్తా?"

గోరిమేడు ఆసుపత్రిలో చూపించుకుని, ఓడ ఊపుకు తల తిరగకుండా మాత్ర రాయించుకోమన్నాను. వాళ్ళు ఓడెక్కాక రోజూ ఆఫీసుకు రాగానే ఆ దారిలో వాతావరణం చూసేదాన్ని. అది నా పని కాదు. అయినా సలహా నాదే కదా! ఓడ సింగపూరుకు తిరిగొచ్చిన రోజు ఫోనులో లోకాంబగారి గొంతు వచ్చింది. "నాకేం కాలేదమ్మా. పైరూముకి పోతా ఉండాము." ఆ తర్వాత కబురు లేదు.

తిరిగొచ్చాక ఇద్దరూ నేరుగా ఆఫీసుకే వచ్చారు. వియత్నాం దాపున ఒక రోజంతా సముద్రం బాగా పొంగిందట. మంచం పట్టింది రంగనాథంగారు.

"ఈయన కండ్లు మూసుకుని పండుకున్నాడు. నేను బాల్కనీలో కుర్చీ ఏసుకుని, ఎదురుగా ఏమేమి పోతా ఉండాదో చెప్తా ఉంటి," అన్నారామె.

"అన్నీ తప్పే చెప్పింది," అన్నారాయన. "చమురు మోసేదాన్ని చూసి జనాన్ని మోసేది అనింది. ఇంగేం చేసేది? లేచి చూడాల్సొచ్చె."

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా పద్ధతి మార్చుకున్నాను. గది కోసం ఇద్దరు వస్తే, ఎవరికి ఏది పడదో విడివిడిగా అడిగేదాన్ని. పటం మాత్రం ఇద్దరి ముందే పరిచేదాన్ని. బ్యాక్ టు బ్యాక్‌లో ఒకే గది దొరకడం ఒక సౌకర్యం మాత్రమే. గది మారితే పోయేది ఒక పూట.